అమ్మ తినని విస్తరి

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే, లేచి టీ పెట్టుకోవడానికి వెళ్లిపోయే రకం నేను. ఉద్యోగమంతా పిల్లలకు సైన్సు చెప్పడంతోనే గడిచింది. నాకు కలలు కూడా సరిగ్గా రావు. అయినా అమ్మ విషయంలో జరిగింది మాత్రం ఎంత తోసేసినా మనసులోంచి పోవడం లేదు. అందుకే రాస్తున్నాను.

అప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు. మాది భీమవరం వైపు. నాన్న రైల్వే ఉద్యోగం వల్ల సికింద్రాబాదు వచ్చి చిలకలగూడలో స్థిరపడ్డాం. నాన్న పోయిన కొన్నేళ్లకు అమ్మకు పక్షవాతం వచ్చింది. మాట ముద్దగా వచ్చినా అర్థమయ్యేది. మింగడం మాత్రం పూర్తిగా పోయింది. చెంచాడు నీళ్లు పట్టినా ఊపిరితిత్తుల్లోకి దిగి నెమ్ము చేసేది.

కార్ఖానా ఏరియాలోని ఒక ఆసుపత్రిలో చేర్చాం. పొట్టకు చిన్న రంధ్రం చేసి, ఆహారం పొయ్యడానికి గొట్టం పెడదామన్నారు డాక్టరు గారు. అన్నయ్య ససేమిరా అన్నాడు.

“అమ్మ పొట్టకి చిల్లు పెట్టిస్తావా? ప్రశాంతంగా పోనివ్వవే,” అని నామీద అరిచాడు.

డాక్టరు గారు కూడా ఆశ పెట్టలేదు. అమ్మ వయసు, ఛాతీలో నెమ్ము, రక్తంలో తగ్గిపోయిన ప్రోటీను, అన్నీ చూసి, గొట్టం పెట్టినా నెల దాటడం కష్టమేనన్నారు. నేనే పట్టుబట్టి సంతకం చేశాను. అమ్మ ఆకలితో పోతుందన్న ఊహే భరించలేకపోయాను.

పక్క మంచం మీద అల్వాల్ నుంచి వచ్చిన పెద్దావిడ ఉండేది. ఆమెకూ అదే రోజు గొట్టం పెట్టారు. అమ్మకన్నా చిన్నది, ఒంట్లో ఇంకా బలం ఉంది. ఆమె తప్పకుండా కోలుకుంటుందని డాక్టరు గారు ధీమాగా చెప్పారు.

మధ్యాహ్నం రాగిజావో పప్పుకట్టో వడకట్టి సిరంజితో గొట్టంలో పోసేదాన్ని. అమ్మకు వెంటనే కునుకు పట్టేది. వార్డులో పచ్చ కర్టెన్లు మెల్లగా ఊగేవి, ఎక్కడో రైలు కూసేది, నాకూ కళ్లు మూతలు పడేవి. ఎవరు మేలుకున్నారో, ఎవరు నిద్రలో ఉన్నారో తెలియని వేళ అది. అప్పుడు అమ్మ కళ్లు తెరిచి కల చెప్పేది.

“మీ నాన్న వచ్చారే. మీ మామ్మ విస్తరి వేసి పనసపొట్టు కూర వడ్డించింది. కడుపు నిండుగా ఉందన్నాను. ముట్టుకోలేదు.”

పోయినవాళ్లు కలలో పెట్టింది తింటే వాళ్ల వెంట వెళ్లిపోతారని మా వైపు అంటారు. అన్నయ్య మొహం పాలిపోయింది. నేను నవ్వేశాను. పోసిన జావ పొట్టలో ఉంటే కలలో మాత్రం ఆకలెందుకు వేస్తుందన్నాను. ఆ కల రోజూ వచ్చేది. రోజూ అమ్మ వద్దనే చెప్పేది.

ఒక మధ్యాహ్నం నిద్ర లేచి నొచ్చుకుంటూ చెప్పింది.

“వడ్డించిన విస్తరి పారెయ్యలేరు కదా. పక్కావిడని కూర్చోబెట్టారు. ఆకలి మీద ఉందేమో పాపం, అంతా తినేసింది.”

కర్టెన్ అవతల పక్కావిడ కోడలు బట్టలు సర్దుకుంటోంది. “మా అత్తను రేపు ఇంటికి తీస్కపోతున్నమక్కా. ఇగ పరేషాన్ లేదన్నడు డాక్టర్ సాబ్,” అంది సంబరంగా.

ఆ సాయంత్రం లైట్లు వేసే వేళకు పెద్దావిడ పోయింది. గుండె ఆగిందన్నారు. డాక్టరు గారు చాలాసేపు ఆ మంచం దగ్గరే నిలబడిపోయారు. ఏదో పరీక్ష ఉందని ఆ మధ్యాహ్నం ఆమెకు గొట్టంలో ఏమీ పొయ్యలేదట. ఏడుస్తూ కోడలు చెప్పింది. ఆ సంగతి నాకే తెలీదు, అమ్మకెలా తెలుస్తుంది?

అమ్మను ఇంటికి తెచ్చుకున్నాం. నెల దాటింది, వానాకాలమూ దాటింది. కలలు ఆగలేదు. అమ్మ మాత్రం బాగా అలసిపోయింది. మంచం మీద తనంతట తాను పక్కకు తిరగలేకపోయేది. ఒక రోజు నా చెయ్యి పట్టుకుంది.

“ఇవాళ కాస్త ఆలస్యంగా పొయ్యవే. ఆకలితో కూర్చోవాలనుంది. మీ నాన్న ఎన్నిసార్లని పిలుస్తారు?”

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. “ఏం మాటలమ్మా అవి!” అని కసిరి, వేళ కాకముందే జావ కలిపి పోసేశాను.

నిద్ర లేచాక అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చీకటి పడ్డాక చెప్పింది, కడుపు నిండుగా ఉందనగానే నాన్న విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయారట.

ఆ తర్వాత ఆమె మూడేళ్లు బతికింది. తాను చూసిన ఇలాంటివాళ్లలో ఇంతకాలం ఎవరూ ఉండలేదని డాక్టరు గారు మురిసిపోయేవారు. ఆ కల మాత్రం మళ్లీ రాలేదు. రోజూ మధ్యాహ్నం లేచి నా మొహంలోకి చూసి, “ఎవరూ రాలేదే,” అనేది.

అమ్మను అన్నాళ్లు నిలబెట్టింది వైద్యమో మరొకటో నాకిప్పటికీ తెలీదు. ఏదీ నమ్మనిదాన్ని, ఆ రోజు వేళ కాకముందే ఎందుకు పోశానో అంతకన్నా తెలీదు.