మేకల దొంగకు పేరు

గోదావరిఖనిలోని ఒక బొగ్గుబాయిలో శాంతిరాజ్‌ది దీపాల గది డ్యూటీ. దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వాలి, ఎక్కి వచ్చాక తీసుకుని ఛార్జింగుకు పెట్టాలి. కిటికీ ముందు వరసలో నిలబడ్డవాళ్ల ముచ్చట్లు వినీ వినీ అతనికి కథలు రాసే జబ్బు అంటుకుంది. రెండువేల మూడులో ఊళ్లో ఓ చిన్న వారపత్రిక అతని సీరియల్ మొదలుపెట్టింది. అందులో ప్రేమికుల కంటే, పోలీసుల కంటే ఒక మేకల దొంగ బాగా కుదిరాడు. వాడికి శాంతిరాజ్ నర్సింగం అని పేరు పెట్టాడు. పలికితే నోరు నిండుతుందని తప్ప వేరే కారణం లేదు.

రెండో వారానికల్లా, బాయిలో బొగ్గు కొట్టే కోల్‌కట్టర్ నర్సింగం దీపం అందుకోకుండా కిటికీలో తలపెట్టాడు.

"ఏంది శాంతన్నా, నేనేం జేసిన నీకు? బాయిల దిగుతుంటె అందరు నన్ను జూసి మ్యా అంటున్నరు."

"నిన్ను జూసి రాయలే తమ్మీ. అది ఉత్త పేరు."

"ఉత్త పేరైతె నీదే పెట్టుకోకపోయినవ్! మా పని జూసె ఓవర్‌మెన్ సారు గూడ మ్యా అన్నడు. సారుకు నేను తిరిగి ఏమనాలె?"

శాంతిరాజ్ దీపం అతని చేతిలో పెట్టి పంపేశాడు. ఇంటికి పోయి భార్య సుగుణమణిని అడిగాడు. ఆమె బియ్యం ఏరుతూ, "బైబిల్ల పేరు పెట్టు. నెబుకద్నెజరు. గా పేరోడు ఈడ ఎవడుంటడు?" అంది.

"మేక పోయినామె ఓ నెబుకద్నెజరూ అని తిట్టుడు అయిపోయేలోపల వాడు రామగుండం స్టేషన్‌ల రైలెక్కుతడు."

మర్నాడు శాంతిరాజ్ దీపం ఇచ్చిన ప్రతి మనిషినీ "నీ పేరేంది?" అని అడిగాడు. ఏళ్లుగా ఎరిగినవాళ్లు, ఈయనకేదో అయిందనుకుంటూనే చెప్పారు. తను మనసులో అనుకున్న సదయ్య అనే పేరు ఒక్కడిదీ కాదు. అమ్మయ్య అనుకుని ఆ వారం ఇలా రాశాడు: "నర్సింగం అన్నది వాడి దొంగపేరని, అసలు పేరు సదయ్య అని పోలీసుల విచారణలో తేలింది."

పత్రిక వచ్చిన సాయంత్రం, శాంతిరాజ్‌తోపాటు ముసలివాడవుతున్న పోశం అనే కార్మికుడు క్వార్టర్ తలుపు తట్టాడు. చేతిలో తాడు, తాడు చివర మేకపోతు.

"అన్నా, ఇది ఉంచుకో. ఎవ్వలకు జెప్పకు."

"ఏం జెప్పద్దు?"

"నా అసలు పేరు సదయ్య అని నీకెట్ల తెలిసింది?"

పోశం గడపమీద కూలబడి, అడక్కుండానే అంతా చెప్పాడు. అతనిది కమాన్‌పూర్ పక్క పల్లె. నౌకరి వచ్చింది చిన్నాయన కొడుకు పోశంకి. ఆ పోశం బాయి మూతి చూడగానే, చీకట్లోకి దిగనని ఏడ్చి ఊరికి పారిపోయాడు. వాడి పేరుమీద సదయ్య దిగాడు. అప్పటినుంచీ సదయ్య రోజూ దిగి ఎక్కుతూనే ఉన్నాడు గానీ, సదయ్య అనే పేరు మాత్రం ఎక్కడా ఎక్కలేదు.

"తెలిస్తె నౌకరి పోతదన్నా. నా బిడ్డకు గూడ తెల్వది."

"అరె, నాకు గూడ తెల్వదు గదా! ఇప్పుడు నువ్వే జెప్పినవ్."

సదయ్య నోరు తెరుచుకుని చూశాడు. మేక ఏదో అంది. సరిగ్గా అప్పుడే నర్సింగం దిగబడ్డాడు.

"అన్నా, నా పేరెందుకు తీసేసినవ్? మొన్నటిదాక బాయంత నన్నే పలకరిచ్చె. ఇయ్యాల ఒక్కడన్న మ్యా అనలే!" అంటూ మేకను చూసి ఆగాడు. "ఓహో. రాసుడు అయిపోయి చేసుడు మొదలైందా?"

శాంతిరాజ్ వద్దనడంతో ఆ మేకను సదయ్య కాలనీ నడిమధ్య నుంచి తిరిగి తోలుకుపోవలసి వచ్చింది. అరుగుల మీది జనమంతా మ్యా అన్నారు. మేక ఒక్కటే నోరెత్తలేదు.

పేరు మళ్లీ మార్చి తీరాలని శాంతిరాజ్ నిశ్చయించుకున్నాడు. మరునాడు వరస అయ్యేదాకా ఆగి, సదయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, పేరు మార్చకు."

"వాడు దొంగోడు గదనే?"

"దొంగోడైతేంది. జీతం కాయితం మీద పోశం, రేషన్ కార్డు మీద పోశం, బిడ్డ బడిల తండ్రి పేరు పోశం. మా అవ్వ పెట్టిన పేరు అచ్చుల జూసుడు గిదే మొదలు." పోబోయి మళ్లీ వెనక్కి వచ్చాడు. "వాన్ని పోలీసోళ్లకు మాత్రం దొరకనియ్యకు."

శాంతిరాజ్ అప్పటికే జైలు ఘట్టం రాసి పెట్టుకున్నాడు. దాన్ని చింపేశాడు. కొత్త భాగంలో దొంగ సదయ్య మేకలతో సహా గోదావరి దాటేశాడు. ఒడ్డున మిగిలిన ఇన్‌స్పెక్టరుకు శాంతిరాజ్ నర్సింగం అని పేరు పెట్టాడు. పోయిన మేకల కంటే, దొంగ ఇన్నాళ్లూ తన పేరు వాడుకున్నందుకే ఆ ఇన్‌స్పెక్టరుకు మండింది. బాయిలో నర్సింగానికి సెల్యూట్లు మొదలయ్యాయి. దొంగకు శిక్ష పడలేదని పాఠకులు తిట్టారు. ఎడిటరు సీరియల్ ఆపేశాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ శాంతిరాజ్ సదయ్య ఇంటికి పోయాడు. కూతురు రమ ఆఖరి భాగాన్ని పెద్దగా చదువుతోంది.

"ఈ సదయ్య దొంగోడైనా మంచిగున్నడే బాపూ!" అంది.

పొయ్యి దగ్గర ఉన్న భార్య సమ్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సదయ్య గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇంకోపారి సదువు, బిడ్డా."