జొన్నచేనులో విదేశీ పురుగు

ఆ రోజుల్లో నాకు తెలియని పురుగు ఈ భూమ్మీద లేదని నా నమ్మకం. వ్యవసాయ డిగ్రీ పూర్తిచేసి, విస్తరణాధికారిగా గద్వాల వైపు ఒక పల్లెలో చేరి నెల కూడా కాలేదు. మిత్రపురుగు ఏదో, శత్రుపురుగు ఏదో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. (లేపి ఎవరూ అడగలేదనుకోండి.) అప్పుడే మక్కచేలలోకి కత్తెర పురుగు కొత్తగా వచ్చిపడింది. బయటిదేశపు పురుగు కనబడితే వెంటనే రాసి పంపాలనీ, ఆ చేనులోంచి ఆకు కూడా బయటికి పోనివ్వకూడదనీ మీటింగుల్లో గట్టిగా చెప్పారు. అలాంటిదొకటి నాకే దొరకాలని నా ఆశ.

దొరికింది. ఊరంతా పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ జొన్నచేనులో, పేనుబంక పట్టిన ఆకు మీద, నల్లగా, ఒళ్లంతా ముళ్లతో, నారింజరంగు మచ్చలతో ఒక పురుగు బుల్లి మొసలిలా పాకుతోంది. పుస్తకంలో ఇలాంటిది లేదు. (ఉందట. నేను ఆ పేజీ తిప్పేశాను.)

“గదేం జెయ్యదు సారూ, పేన్లను ఏరుకొని తింటది,” అంది పెద్దమ్మ.

నేను జాలిగా నవ్వి, రిపోర్టులో ‘రైతులకు అవగాహన లేదు’ అని రాసుకున్నాను. తర్వాత, ఈ చేనులోంచి ఒక్క కట్ట చొప్ప కూడా కదలకూడదని కాగితం రాసి, సంతకం చేసి ఇచ్చాను.

“మరి నా బర్రె ఏం దినాలె? ఈని పది దినాలు గూడ కాలే.”

“జర ఓపిక పట్టు పెద్దమ్మా. ఇది దేశం సంగతి.”

“నా బర్రె పాలిస్తది. నీ దేశం పాలిస్తదా సారూ?”

పురుగును సీసాలో వేసి గదికి తెచ్చాను. ఫోన్ చేస్తే మా పెద్దసారు వారంలో వస్తానన్నారు. రెండో రోజుకే అది సీసా గోడకు అతుక్కుని ముడుచుకుపోయింది. చచ్చిందనుకుని, ‘మన వాతావరణాన్ని తట్టుకోలేదు’ అని రిపోర్టులో చేర్చాను. (పురుగు పిల్ల పెద్దదయ్యే బొమ్మ గీసి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేనే.) పెద్దసారు వచ్చిన పొద్దున చూస్తే, మూత పెట్టిన సీసాలో నల్లచుక్కల ఎర్రటి అక్షింతల పురుగు తిరుగుతోంది. మిత్రపురుగుల జాబితాలో మొదటి పేరు దానిదే. “నా సీసా ముట్టిందెవరు?” అని నాతో గదిలో ఉండేవాడి మీద ఎగిరాను.

“ఎవ్వరు ముట్టలే,” అన్నారు పెద్దసారు. “అక్షింతల పురుగు పిల్ల గట్లనే ఉంటది. దోస్తు బిడ్డను శత్రువని రాసి జైల్ల ఏసినవ్ గదా!”

నాకు పెద్దమ్మ బర్రె గుర్తొచ్చింది. వారం రోజులు! బండి తీసి ఒకటే పరుగు. దారి పొడుగునా కళ్ల ముందు ఎండిన పొదుగే. తీరా చూస్తే బర్రె ఇంటి ముందు పచ్చి జొన్న తీరిగ్గా నములుతోంది.

“చొప్ప కోసుకో పెద్దమ్మా. తప్పు నాదే,” అన్నాను.

“నువ్వు బండెక్కంగనే కోసినం బిడ్డా. కొత్త నౌకరి, ముచ్చటపడి రాసినవ్. నీ ముంగట వద్దనుడెందుకని ఊకున్న,” అని గ్లాసు నిండా పాలు చేతిలో పెట్టింది.

సారు కాస్తా బిడ్డనయ్యాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను, బర్రె పస్తుండలేదని ప్రాణం కుదుటపడింది కూడా. ఇప్పుడు చాలా పురుగులు తెలుసు. సంతకం పెట్టేముందు నలుగురిని అడుగుతాను. అయినా, దేశాన్ని ఒంటిచేత్తో కాపాడుతున్నానని ఛాతీ విరుచుకుని తిరిగిన అలాంటి వారం నా సర్వీసులో మళ్లీ రాలేదు.