ఆ ఏడాది తిన్న కేకులు

టార్న్‌ఫోర్స్ అనే చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో తప్పు చేసినవాడు కేకు తేవాలి. ప్రాక్టీసుకు ఆలస్యంగా వచ్చినా, బూట్లు ఇంట్లో మరిచిపోయినా, పక్కవాడి చొక్కా తగిలించుకున్నా సరే, గురువారం నాడు కేకు తెచ్చి అందరి ముందూ కోయాల్సిందే. ఎవరు పెట్టారో తెలియని రూలది. కోర్టు తీర్పుని కాదన్నవాళ్ళున్నారు గానీ ఆ ఊళ్ళో కేకు రూలుని కాదన్నవాడు లేడు. ఆ ఏడాది మాత్రం కేకులు మరీ ఎక్కువయ్యాయి. దాదాపు ప్రతిసారీ తెచ్చినవాడు ఒక్కడే, టోర్కెల్. జట్టంతా నవ్వుకుంటూ తిన్నది. గున్వోర్‌కి మాత్రం గొంతు దిగలేదు.

గున్వోర్ ఆ జట్టు బట్టలు ఉతికే మనిషి. బడి వంటశాలలో ముప్ఫయ్యేళ్ళు గరిటె తిప్పి రిటైరైంది. మొగుడు బెర్తిల్ ఒకప్పుడు ఈ జట్టుకే గోల్‌కీపరు. అతను పోయాక ఇంట్లో మెషీనులో వేయడానికి తన బట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. అది భరించలేక ఓ రోజు నేరుగా క్లబ్బుకొచ్చి, “మీ మురికంతా నాకివ్వండి,” అంది. అప్పట్నుంచీ జనం కూర్చుని ఆట చూసే చెక్క స్టాండు కింద ఉన్న చిన్న గదే ఆమె రాజ్యం. ఉతికిన చొక్కాలు నంబరు ప్రకారం కొక్కేలకు తగిలిస్తుంది, ఎవరిది వాళ్ళు వచ్చి తీసుకోవాలి. సాక్సులు ఉండచుట్టి పడేసినవాడు మాత్రం ఆమె నోటికి దొరికితే ఇక అంతే.

టోర్కెల్ నాలుగో నంబరు. కలప మిల్లులో పని, జట్టుకి వెనకాల గోడ. పిల్లల జట్టులో ఆడే రోజుల నుంచీ వాడి మోకాళ్ళ మట్టి వదిలించింది గున్వోరే.

మే నెలలో లీగు మ్యాచ్‌లో కార్నర్ బంతికి టోర్కెల్, సొంత గోల్‌కీపరు ఒకేసారి ఎగిరారు. తలా తలా కొట్టుకున్నాయి. మొద్దు మీద గొడ్డలి పడ్డట్టు వచ్చిన ఆ చప్పుడు స్టాండులో ఉన్న గున్వోర్‌కి కూడా వినబడింది. టోర్కెల్ లేచి నిలబడి చెయ్యూపాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత వాడు అవతలి జట్టు గోలు దగ్గరికి నడిచి వెళ్ళి కాపలాకి నిలబడ్డాడు. ఎవరో భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పారు. దానికీ నవ్వారు.

తల పూర్తిగా తేలికపడేదాకా ఆడొద్దని డాక్టరు చెప్పింది. వాడు లేని రెండు మ్యాచ్‌లూ ఓడి, జట్టు పాయింట్ల పట్టికలో అడుగుకి చేరింది. మూడోవారం వాడే కోచ్ స్టూరె దగ్గరికి వచ్చాడు.

“బాగున్నావా?” అన్నాడు స్టూరె.

“బాగున్నా.”

అంతే. ఆ ఊళ్ళో మగవాడు బాగున్నానన్నాక రెండోసారి అడగడమంటే వాణ్ణి అబద్ధాలకోరు అన్నట్టే. స్టూరె చెడ్డవాడేం కాదు, కానీ పట్టిక చూస్తే ఎవరికైనా నమ్మాలనే అనిపిస్తుంది. టోర్కెల్ తిరిగి వచ్చాడు, జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఇక అడిగే నాథుడే లేకపోయాడు.

కేకులూ అప్పుడే మొదలయ్యాయి. ఏడో నంబరు చొక్కా తీసుకుపోయినందుకొకటి. గురువారం ప్రాక్టీసుకి బుధవారమే వచ్చి, ఖాళీ గదిలో బూట్లు కట్టుకుని కూర్చున్నందుకొకటి. “ప్రేమలో పడ్డావేంట్రా, పెళ్ళయ్యాక?” అని వేళాకోళమాడారు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. అక్కడ కీడెంచిన మనిషి గున్వోర్ ఒక్కతే.

ఆగస్టు మొదట్లో ఓ గురువారం టోర్కెల్ ఆకుపచ్చ చక్కెర పూత వేసిన క్రీము కేకు తెచ్చాడు, మళ్ళీ చొక్కా తప్పే. అందరూ తిన్నారు, కాఫీ తాగారు. ప్రాక్టీసు అయ్యాక వాడు బయటికి వెళ్ళి ఇంకో డబ్బా పట్టుకొచ్చాడు. అదే ఆకుపచ్చ కేకు.

“పోయిన మ్యాచ్‌లో పక్కవాడి చొక్కా వేసుకున్నాను కదా, ఇదిగో నా జరిమానా,” అన్నాడు.

గోల్‌కీపరు పగలబడి నవ్వాడు. “ఒరేయ్, వారానికి రెండంటే మా పొట్టలేం కావాలిరా!” గదంతా ఘొల్లుమంది. టోర్కెల్ బల్ల మీద ఉన్న ఎంగిలి ప్లేట్లకేసి చూశాడు, వాటికంటిన ఆకుపచ్చ ముక్కలకేసి చూశాడు. మొహం పాలిపోయింది. తర్వాత వాడూ నవ్వాడు.

అందరూ వెళ్ళాక గున్వోర్ వాణ్ణి బట్టల గదిలోకి లాగి తలుపేసింది.

“ఎన్నాళ్ళుగా?”

“ఏది?”

“నా దగ్గర నాటకాలా? ఇవాళ తెచ్చిన మొదటి కేకు గుర్తుందా నీకు?”

టోర్కెల్ తల దించుకున్నాడు. “పొద్దున పూట బాగానే ఉంటుంది. సాయంత్రానికి తల నిండా మంచు పట్టినట్టుంటుంది, గున్వోర్.”

“రేపే డాక్టరు దగ్గరికి నడు.”

“వచ్చేవారం కప్పు మ్యాచ్. స్టాక్‌హోమ్ వాళ్ళు మన మైదానానికి వస్తున్నారు. ఇలాంటిది మళ్ళీ రాదు. అది అయ్యాక నేనే వెళ్తా, ఒట్టు. స్టూరెకి చెప్పకు. మా తూవాకి అసలే చెప్పకు, కడుపుతో ఉంది.”

“చొక్కా చినిగితే నేను కుడతాను. తల చినిగితే ఎవడు కుడతాడ్రా?”

“ఒక్క మ్యాచ్.”

చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోయి కూడా ఏడవని పిల్లాడు, ఇప్పుడు కళ్ళనీళ్ళతో అడుగుతున్నాడు. గున్వోర్ సరేనంది. నోరు విప్పాల్సిన చోట మాటిచ్చింది. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చేది ఇలాగే.

ఆ వారంలో రెండుసార్లు టోర్కెల్ భార్య తూవాకి ఫోను చేయబోయింది. పరాయి సంసారంలో వేలు పెట్టడం ఏం మర్యాదని రెండుసార్లూ పెట్టేసింది. వానొచ్చినా వరదొచ్చినా ఎవరి గడప వాళ్ళదే అన్న పెంపకం ఆమెది. ఆ మర్యాదను తర్వాత ఆమె తిట్టుకోని రోజు లేదు.

మ్యాచ్ రోజున మిల్లు ముందే మూసేశారు. ఎప్పుడూ ఊరి చెవుల్లో మోగే రంపపు రొద ఆగిపోయేసరికి గున్వోర్‌కి ఎక్కడో ఏదో చచ్చిపోయినట్టనిపించింది. స్టాండు నిండిపోయింది. అమ్మకానికి పెట్టిన సాసేజీలు ఆట మొదలవకముందే అయిపోయాయి. టోర్కెల్ గదిలోకి వచ్చి నాలుగో కొక్కెం ముందు ఆగి, ఒక్కొక్క నంబరూ పెదాలతో చదువుకుని, తన చొక్కా తీసుకున్నాడు. ఆమె చూడనట్టు సాక్సులు మడిచింది. అప్పటికైనా తలుపుకి అడ్డం నిలబడొచ్చు. నిలబడలేదు.

ఊరంతా బంతిని చూసింది, ఆమె వాడి తలను చూసింది. వాడు ఎగిరినప్పుడల్లా కొంగలా మెడ చాచి ఊపిరి బిగబట్టింది. గోలు లేకుండానే ఆట చివరికొచ్చింది. అప్పుడు కార్నర్. టోర్కెల్ అందరికన్నా పైకి లేచి తలతో కొట్టాడు. వల ఊగింది. స్టాండు చెక్కలు విరిగిపోతాయేమో అన్నంత గోల. జట్టంతా వాడి మీద పడింది. వాడు మాత్రం చేతులు వేలాడేసి, బస్సు తప్పిపోయినవాడిలా నిలబడి ఉన్నాడు.

చివరి విజిల్ మోగగానే గున్వోర్ కింద తన గదికి పరిగెత్తింది. మెషీనులో నీళ్ళు పడుతుండగా తలుపు తెరుచుకుంది. టోర్కెల్. ఒళ్ళంతా మట్టి, నుదుటికి గడ్డి పరక. నేరుగా వెళ్ళి నాలుగో కొక్కెం ముందు నిలబడ్డాడు. అది ఖాళీగా ఉంది.

“నా చొక్కా ఏది, గున్వోర్? ఇంకా ఆరలేదా?”

ఆమె మెషీను ఆపేసింది.

“తొందరగా చూడు. స్టాక్‌హోమ్ వాళ్ళు వచ్చేసినట్టున్నారు, పైన జనం అరుస్తున్నారు.” వాడు ఆమెకేసి తిరిగి కన్ను గీటాడు. “ఎవడో ఎత్తుకుపోయుంటాడు. ఈసారి వాడిచేత తెప్పిద్దాం కేకు.”

గున్వోర్ వాడి చెయ్యి తీసుకుని వాడి రొమ్ము మీదే పెట్టింది, నాలుగో నంబరు మీద. వాడు తల వంచి, తడిసిన ఆ గుడ్డని వేళ్ళతో తడిమి చూశాడు. నవ్వు మెల్లిగా ఆరిపోయింది.

“ఎప్పుడు ఆడాను?” అన్నాడు.

“స్టూరే! ఎవరైనా రండి! స్టూరే!” ఆమె గొంతు చించుకుని అరిచింది. పైన చెక్కల మీద ఊరంతా కాళ్ళతో దరువేస్తూ టోర్కెల్ పేరే పాడుతోంది. ఎవరికీ వినబడలేదు.