అత్త క్యాసెట్టుకు సబ్బు డబ్బా ఆంప్లిఫయర్

ఇంట్లో కంప్యూటరు ఉన్నవాణ్ణి ఊరంతా ఇంజినీరు కింద లెక్కగట్టే రోజులవి. దిబ్బూరహళ్ళిలో ఆ గౌరవం నాకు దక్కింది. (చదివేది చింతామణిలో డిగ్రీ, అదీ కామర్సు.) అందుకే మా మేనత్త ఒక క్యాసెట్టు కొంగులో చుట్టుకుని వచ్చింది. చనిపోయిన మా మామ పాడిన భజన అది. ఆయన గొంతు మరెక్కడా లేదు. "టేపు నలిగిపోయిండాది నాయనా. తెగిందంటే మీ మామ గొంతు ఇంగ లేనట్టే. సీడీలోకి ఎక్కించియ్యి" అంది.

ముందు కంప్యూటర్లోకి ఎక్కించాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే పాట వెనకాల సర్రుమని ఒకటే రొద. ఇది సౌండు కార్డు పాపమేనని తేల్చేశాను. చింతామణి ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని నెట్టులో అడిగితే ముక్కూ మొహం తెలియని మహానుభావులు రెండు పార్టీలయ్యారు. కంప్యూటర్లోని అంకెలను బయటే పాటగా మార్చే డాక్ అనే పెట్టె కట్టుకోమని కొందరు, ముందు హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ చేసుకోమని కొందరు. అన్నానికి కూర్చున్నప్పుడు డాక్ అనుకునేవాణ్ణి, చెయ్యి కడుక్కునేలోపు అది ఆంప్లిఫయర్ అయ్యేది. చివరికి జేబు తీర్పు చెప్పింది. ఒక చిప్పు, కాసిని కెపాసిటర్లు, ఒక బ్యాటరీ, అన్నీ పెట్టుకోవడానికి సబ్బు డబ్బా. ఆంప్లిఫయరే ఖాయమైంది.

సోల్డరింగు మొదలుపెట్టానో లేదో అమ్మ వచ్చేసింది. పక్క గదిలో పట్టుపురుగులు. "పురుగులు నాలుగో జ్వరం లేసి పెద్ద మేతలో ఉండాయి. ఈ పొగేమిరా? నీ పాటకోసం పంట పోగొట్టుకుందామా? యాడికన్నా పో." (జ్వరమంటే పురుగు మేత మాని పొర విడిచే నిద్ర. అది లేచాక పొగ తగిలితే పురుగులు మళ్ళీ మేత మానేస్తాయి. బీడీ తాగే చుట్టాలు కూడా మా ఇంట్లో వీధిపాలే.) సామానంతా పంపుసెట్టు గదికి మోశాను. కరెంటు లేకపోతే సోల్డరింగు కడ్డీ కాగదు, కరెంటు వస్తే మోటారు ఆగదు. రొద పోగొట్టే నా యంత్రం ఆ మోటారు హోరులోనే తయారైంది.

తగిలించి విన్నాను. మామ గొంతు నిండుగా పలికింది. రొద అంతకంటే నిండుగా పలికింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇక మిగిలింది రొదను తుడిచేసే సాఫ్ట్‌వేరు. ఆ బటను నొక్కేముందు అత్తకు హెడ్‌ఫోన్లు పెట్టి, "ఈ సద్దు పోనంటాండాది అత్తా. తుడిచేస్తాను" అన్నాను.

అత్త కదలకుండా వింది. "తుడిచేదేమప్పా? పురుగులు మేస్తాండాయి కదా. ఆకు వేస్తానే పాడినాడు మీ మామ" అంది. పుట్టినప్పటి నుంచి వినీవినీ నా చెవికి ఆనడం మానేసిన చప్పుడది. అంతలో అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఇంగొంచెం పెంచు. పాట మధ్యలో 'తట్ట ఇట్లియ్యి' అంటాండాడు. నన్నే. ఇన్నాళ్లూ టేపులో ఈ మాట వినపడలేదు నాయనా." పెంచాను. పురుగుల మేత కింద, రెండు చరణాల సందున, మామ మామూలు గొంతు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది.

ఇప్పుడు నా బల్లమీద మంచి డాకూ ఉంది, ఆంప్లిఫయరూ ఉంది, ఏ రొదా లేదు. ఇంటి పురుగుల చప్పుడు పోగొట్టడానికి పంపుసెట్టు గదిలో చేతులు కాల్చుకున్న ఆ ఇంజినీరు గుర్తొస్తే నవ్వుకుంటాను. ఆ బటను నొక్కలేదు కాబట్టి వాణ్ణి క్షమించేశాను కూడా. అత్త మాత్రం పాటంతా వినదు. నేను పోయినప్పుడల్లా "తట్ట మాట కాడికి పెట్టప్పా" అంటుంది. పెట్టి, పక్కన కూర్చుంటాను.