చిన్నమ్మ నాటిన దేవగన్నేరు

చిన్నమ్మ పోయిందన్న కబురు నాకు బస్సులో అందింది. శ్రీసిటీలో నేను పనిచేసే ఫ్యాక్టరీకి తిరుపతి నుంచి రోజూ కంపెనీ బస్సులో పోతాను. ఆ రోజు బస్సు సత్యవేడు దాటుతుండగా నాయన ఫోన్ చేశాడు. "మీ చిన్నమ్మ పొద్దున లేవలేదు పాపా," అన్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని, డాక్టరును పిలిపించావా అని అడిగాను.  ఆయన అదే మాట మళ్ళీ అన్నాడు. అప్పుడు అర్థమైంది.

అక్కడే దిగి, ఎదురొచ్చిన బస్సు ఎక్కి, పుత్తూరులో ఇంకో బస్సు మారి చిత్తూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇంటి ముందు షామియానా వేసి ఉంది. దాని గుంజ ఒకటి దేవగన్నేరు కొమ్మకు అడ్డం వస్తోందని వచ్చినవాళ్ళలో ఎవరో కొమ్మను నరకబోతే, నాయన లేచి వెళ్ళి షామియానానే పక్కకు జరిపించాడట. ఆ రోజు ఆయన చేసిన పని అదొక్కటే. మిగతావన్నీ చుట్టాలు చూసుకున్నారు.

చిన్నమ్మ నాయనకు రెండో భార్య. మా అమ్మ జబ్బుతో పోయిన రెండేళ్ళకు ఆ ఇంటికి వచ్చింది. అప్పుడు నేను తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఇంట్లో నాయన, ఆయన తల్లి అయిన మా అవ్వ, ఇద్దరే ఉండేవాళ్ళు. నాయనకు పాల డెయిరీలో ఉద్యోగం. తెల్లవారక ముందే పోవాలి. అవ్వకు కళ్ళు సరిగ్గా ఆనేవి కావు. అన్నం మాడిందో ఉడికిందో తెలియకుండానే ఇద్దరూ తిని లేచేవాళ్ళు. చుట్టాలే పట్టుబట్టి గూడూరు సంబంధం తెచ్చారు. చిన్నమ్మకూ అది రెండో పెళ్ళే. మొదటి భర్త పెళ్ళయిన కొన్నేళ్ళకే పోయాడు. పిల్లలు లేరు. పుట్టింట్లో ఉండి బట్టలు కుట్టుకుంటూ బతుకుతోంది.

కాపురానికి వచ్చిన రోజు ఆమె వెంట ఒక పెట్టె, ఒక కుట్టుమిషను, పాత చీరలో చుట్టిన ఒక కొమ్మ వచ్చాయి. కొమ్మ మూరెడు పొడుగుంటుంది. ఒక్క ఆకు లేదు. వేలంత లావు, బూడిద రంగు. వంటచెరకులో వేస్తే ఎవరూ గుర్తుపట్టరు. అదేమిటని అవ్వ అడిగింది. దేవగన్నేరు అని చిన్నమ్మ చెప్పింది.

అవ్వ ముఖం మాడిపోయింది. "శ్మశానంలో ఉండే సెట్టు అది. ఇంట్లో యాడ పెడతావు మే? ఈ ఇంట్లో ఒకరు పోయింది సాలదా?"

చిన్నమ్మ "సరే అత్తా" అంది.  కొమ్మను తీసుకుపోయి పెరట్లో స్నానాల గది రేకుల కింద, వాన తగలని చోట గోడకు ఆనించింది. పారేయలేదు. నాటలేదు.

నేను శనివారాలు ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ కొమ్మ అక్కడే కనిపించేది. చర్మం కొంచెం ముడతలు పడింది. ఎండిపోదా అని అడిగాను. ఎండదని, కోసిన చోటు బాగా మానితేనే నాటాలని, పచ్చి గాయంతో మట్టిలో పెడితే కుళ్ళుతుందని ఆమె చెప్పింది. రెండు మూడు వారాలు ఆరితే చాలట. ఇంకా ఆలస్యమైనా నెలల తరబడి ఓర్చుకుంటుందట. ఆ వివరాలన్నీ ఎంతో మామూలుగా, మిషను మీద జాకెట్టు కుడుతూ చెప్పింది. ఆ కొమ్మ మీద నీకెందుకు ఇంత పట్టుదల అని అడిగాను. నాకు అప్పటికి ఆమెతో అంత చనువు లేదు, అయినా అడిగాను.

ఆమె మిషను ఆపింది. మొదటి అత్తగారింట్లో ఆమె ఒక దేవగన్నేరు వేసిందట. అది తలెత్తు పెరిగి పూతకొచ్చిన ఏడాదే భర్త పోయాడు. ఆ చెట్టే మింగిందన్నారు. తెచ్చి వేసింది ఈమే కాబట్టి ఈమెనూ అదే మాటన్నారు.

"నా ముందరే కొట్టించేసినారు పాపా. సితుకుల్లో నుంచి ఒక కొమ్మ తీసుకోని మా నాయనోళ్ళ ఇంటికి వచ్చినా. ఆడ వేసినా. దాన్నుంచి తెచ్చిన కొమ్మే ఇది," అంది. తర్వాత మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఈ సంగతి అవ్వకు చెప్పవద్దని ఆమె అనలేదు. చెప్పమని కూడా అనలేదు.

మర్నాడు అవ్వకు తల దువ్వుతూ నేను అంతా చెప్పాను. అవ్వ విని ఊరుకుంది. ఊరుకోవడం ఆమె స్వభావం కాదు. అవ్వ కూడా నాయన చంకలో ఉండగానే భర్తను పోగొట్టుకున్న మనిషి. ఆ రోజుల గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు. జడ వేయడం అయ్యాక మాత్రం, "నన్నూ అన్నారు మే, నా కాలు మంచిది కాదని," అంది. ఎవరన్నారని అడిగితే, అందరూ పోయినార్లే అని లేచింది.

ఆ తర్వాతి శనివారం నేను వచ్చేసరికి అవ్వ అనుమతి ఇచ్చేసింది. వాకిలికి ఎదురుగా వద్దట, ఇంటి ముందు ఎడమ మూల వేసుకోవచ్చట. అది దసరా వెళ్ళిన రోజులు. మా వైపు పెద్దవానలు పడేది ఆ తర్వాతే. దేవగన్నేరు నాటడానికి అది కాలం కాదని చిన్నమ్మకు తెలుసు. ఎండలు ముదిరేటప్పుడు నాటాలి. కానీ అవ్వ మనసు మళ్ళీ ఎక్కడ మారుతుందోనని ఆ సాయంత్రమే నాటేసింది.

కార్తీకంలో తుఫాను పట్టి వాన వారమంతా వదల్లేదు. ముందు వాకిట్లో నీళ్ళు నిలిచాయి. వాన వెలిసాక చిన్నమ్మ కొమ్మను వేళ్ళతో నొక్కి చూస్తే అడుగున మెత్తబడి ఉంది. పీకితే సులువుగా వచ్చింది. అడుగు నల్లబడి కంపు కొడుతోంది. అవ్వ గడప మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. నేను చెప్పానా అంటుందేమో అనుకున్నాను.

"సచ్చిపోయిందా?" అని అడిగింది అవ్వ. ఆ గొంతులో భయం తప్ప ఇంకేమీ లేదు.

చిన్నమ్మ కత్తిపీట తెచ్చి కొమ్మను అడుగు నుంచి చక్రాల్లా కోయడం మొదలుపెట్టింది. మొదటి ముక్క నల్లగా ఉంది. తర్వాతది గోధుమ రంగు. ఇంకోటి కోస్తే మధ్యలో చిన్న మచ్చ. చివరికి మచ్చలేని తెల్లటి కోత వచ్చేసరికి జానెడు కొమ్మ మిగిలింది. దానికి పొయ్యిలోని బూడిద అద్ది మళ్ళీ రేకుల కిందికి చేర్చింది. ఈసారి ఎవరి కోసమూ తొందరపడనంది.

శివరాత్రి దాటి ఎండ చురుక్కుమనే దాకా ఆగింది. ఈలోగా ఆ మూలను తవ్వి మట్టి మార్చింది. పక్క వీధిలో ఇల్లు కడుతున్నచోట ఇసుక, ఇటుక ముక్కలు అడిగి తెచ్చింది. అడుగున ఇటుక ముక్కలు పరిచి, గరుసు మట్టి, ఇసుక కలిపి, నేలకంటే ఎత్తుగా దిబ్బలా పోసింది. పేడ చాలా కొంచెం వేసింది. కొమ్మ కదలకుండా పక్కన కర్ర పాతి పాత చీర అంచుతో కట్టింది. నాటిన రోజు ఒకసారి నీళ్ళు చల్లి, ఆకు పుట్టేదాకా మళ్ళీ దాదాపు ముట్టుకోలేదు. వేరు లేనిది నీళ్ళెట్టా తాగుతాది అనేది.

కాపలా అవ్వ తీసుకుంది. చూపు ఆనకపోయినా కర్ర పట్టుకుని వాకిట్లో కూర్చుని, మేకలు వస్తున్న చప్పుడైతే చాలు అదిలించేది. కొనలో పచ్చటి మొన కనిపించిందని చిన్నమ్మ చెబితే, చూడలేక, వేలితో తడిమి తెలుసుకుంది.

మరుసటి ఏడాది ఎండల్లో అది పూసింది. తెల్లటి రేకులు, నడుమ పసుపు. అవ్వ ఆ పూలను దేవుడి దగ్గర ఎన్నడూ పెట్టలేదు. ఆ ఒక్క పట్టింపు చివరిదాకా పోలేదు. కానీ రాలిన పూలను ఎవరూ తొక్కకూడదని తడుముకుంటూ ఏరి, ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోయించి అందులో వేసేది. మంచాన పడ్డాక ఆ గంగాళాన్ని మంచం పక్కకు తెమ్మంది. అవ్వకు చివరి రోజుల్లో నీళ్ళు పోసింది, పక్క మార్చింది, నోట్లో గంజి పోసింది చిన్నమ్మే.

చెట్టు పెద్దదయ్యాక కొమ్మలు అడగడానికి వీధివాళ్ళు రావడం మొదలైంది. చిన్నమ్మ ఇచ్చేది, కానీ ఊరికే ఇచ్చేది కాదు. మీ ఇంట్లో ఎండ ఎక్కడ పడుతుంది, నీళ్ళు ఎక్కడికి పోతాయి అని ప్రశ్నలు వేసేది. సగంపూట కూడా ఎండ రాని ఇంటికి ఇచ్చేది కాదు. నాయన ఒకసారి ఏపుగా పెరుగుతుందని యూరియా వేశాడు. ఆ ఏడు చేటంత ఆకులు వచ్చాయి, పూలు మాత్రం లేవు. ఆమె కోప్పడలేదు. దానికి తిండి ఎక్కువైతే పూసే పని మరిచిపోతుందని మాత్రం చెప్పి, యూరియా డబ్బాను అటక మీదికి ఎక్కించింది. వానాకాలంలో ఆకుల అడుగున నారింజ రంగు పొడిలా తెగులు పట్టేది. ఆ ఆకులను ఏరి, చెట్టు కింద వదలకుండా దూరంగా తీసుకుపోయి కాల్చేది. తెల్లటి పిండినల్లి పురుగు కనిపిస్తే వేపనూనె, సబ్బునీళ్ళు కలిపి పాత గుడ్డతో తుడిచేది. ఆ తుడిచే తీరు పిల్లల ముఖం తుడుస్తున్నట్టుండేది.

ఒకసారి చంద్రగిరిలో పెళ్ళికి పోయాం. తాళి కట్టే వేళకు చిన్నమ్మ కనిపించలేదు. వెతుక్కుంటూ పోతే, రెండు వీధుల అవతల ఎవరిదో ఇంటి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. ఆ ఇంటి ముందు ఎర్రపూల దేవగన్నేరు ఉంది. ఇంటావిడ అప్పటికే కొమ్మ కోసి ఇచ్చేసింది. పట్టుచీర కట్టుకుని ఆ కొమ్మను తుండుగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటే, పక్కనున్న ఆమె పసిబిడ్డేమో అనుకుని తొంగి చూసింది. నాయన కిటికీ వైపు తిరిగి నవ్వాడు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

నాకు పెళ్ళయి తిరుపతిలో అద్దెకు దిగినప్పుడు మేడ మీదికి దేవగన్నేరు కొమ్మ నాటిన కుండీ ఒకటి పంపింది. మా ఆయన పొద్దున్నే లేచి దానికి చెంబెడు నీళ్ళు పోసేవాడు. ఎంతో భక్తిగా చేసేవాడు. నెలకల్లా అది మెత్తబడి వంగిపోయింది. చిన్నమ్మ వచ్చి కుండీ తిప్పి చూసింది. అడుగున చిల్లి మట్టితో మూసుకుపోయి ఉంది. మేకుతో దాన్ని పొడిచి, పెంకు ముక్క ఒకటి బోర్లించి, ఇంకో కొమ్మ నాటింది. "దాహమైతే అది ఆకు వాలుస్తాది అల్లుడుగారూ. అప్పుడు పోయండి. అడక్కుండా పోయొద్దు," అంది. మా ఆయన ఆ మాటను ఇప్పటికీ కొత్తగా మొక్కలు పెంచేవాళ్ళకు అప్పజెబుతుంటాడు.

నన్ను ఆమె ఎప్పుడూ కూతురా అని పిలవలేదు. అమ్మా అని పిలవమని అడగలేదు. పాపా అనేది. నా కాన్పుకు వచ్చి మూడు నెలలు ఉంది. మా అమ్మ ఫోటోకు రోజూ పూలు పెట్టేది ఆమే. అలా పెడుతున్నట్టు నాతో ఎన్నడూ చెప్పుకోలేదు. ఇవన్నీ జరుగుతున్నప్పుడు మామూలుగానే జరిగిపోయాయి. ఇప్పుడు రాస్తుంటే ఒక్కొక్కటీ ఆగి చూడవలసి వస్తోంది.

ఆమె పోయింది చలికాలంలో. కర్మ ముగిశాక నేను తిరుపతికి వచ్చేసి, ఆదివారాలు నాయన దగ్గరికి పోతున్నాను. మొదటి ఆదివారం పోయినప్పుడు దేవగన్నేరుకు ఒక్క ఆకు లేదు. కొమ్మలు మోడుగా నిలబడ్డాయి. ఆమెతోనే చెట్టూ పోతోందని వీధిలో ఎవరో నాయనతో అన్నారట. చెట్టు కిందంతా తడిసి చిత్తడిగా ఉంది. పక్కనే నిండు బకెట్టు. ఆయన రోజూ పొద్దున, సాయంత్రం నీళ్ళు పోస్తున్నాడు.

ఈ కాలంలో అది నిద్రపోతుందని, నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుందని చెప్పాను.

"ఎండిపోతా ఉండాది పాపా. సూస్తా ఊరుకోమంటావా?" అన్నాడు.

"ఏటా ఇట్లే ఉంటాది కదా నాయనా. చిన్నమ్మ ఉన్నప్పుడు కూడా ఆకంతా రాల్చేసేది."

"ఆమె ఉన్నప్పుడు నేను సూసినానా," అన్నాడు. "ఆమె సూసుకునేది."

 నాయనను చెట్టు దగ్గరికి తీసుకుపోయి, కొమ్మను గోరుతో కొంచెం గీరి చూడమన్నాను. ఆయన భయపడుతూ బొటనవేలి గోటితో గీరాడు. బూడిద రంగు పొర కింద సన్నటి పచ్చదనం కనిపించింది. మరుక్షణం అక్కడ తెల్లటి పాలబొట్టు ఊరి, పెద్దదై, ఆయన వేలి మీదికి జారింది. నాయన కదలకుండా నిలబడిపోయాడు.

ఆ పాలు కంట్లో పడితే మంట, చెయ్యి కడుక్కోమని చెప్పాను. కడుక్కుంటాలే అన్నాడు. వచ్చి మెట్టు మీద ఎండలో కూర్చున్నాడు. ఆ చేతిని పంచెకు తగలకుండా దూరంగా పెట్టుకుని, బొటనవేలి మీద పాలు మెల్లగా ఆరిపోతుంటే చూస్తూ ఉండిపోయాడు.