సుబ్బాయమ్మ ఉగ్గుగిన్నె

2022 మే నెల. పిడుగురాళ్లలో నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న ఆసుపత్రి ప్రసూతి వార్డు. కిటికీ ఊచల మీద సున్నపు బట్టీల దుమ్ము పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ తెల్లగా పేరుకునేది. కూలర్లకు మోత తప్ప చల్లదనం లేదు. ఆ ఎండల్లో మాచవరం వైపు పల్లె నుంచి శిరీష అనే అమ్మాయి తొలికాన్పుకు వచ్చింది. భర్త శ్రీను సున్నం లారీ నడుపుతాడు. తల్లి ఇంటి దగ్గరుండి పథ్యం వండి పంపుతుంటే, ఆసుపత్రిలో తోడున్నది అమ్మమ్మ సుబ్బాయమ్మ.

కాన్పు తేలిగ్గానే అయింది. ఆడపిల్ల. గంటలోపే బిడ్డను తల్లి రొమ్ముకు అందించాను. చిక్కగా, పసుపుపచ్చగా వచ్చే తొలి పాలను మేము కొలోస్ట్రమ్ అంటాం, ఊళ్లో ముర్రుపాలంటారు. చూడటానికి నాలుగు చుక్కలే ఉంటాయి. మొదటి రోజుల్లో బిడ్డ పొట్టకు అంతే చాలు. ఈ మాట చెప్పి వెనక్కి తిరిగేసరికి సుబ్బాయమ్మ సంచిలోంచి పాతచీర ముక్కలో చుట్టిన ఒక వెండి ఉగ్గుగిన్నె తీసింది. అరచేతిలో ఇమిడేంత గిన్నె, ముందుకు సాగిన సన్నటి మూతి. పక్కనే తేనె సీసా.

"తేనె వద్దు పెద్దమ్మా, బిడ్డకు ప్రమాదం. గిన్నె కూడా లోపల పెట్టెయ్యి," అన్నాను.

"ఈ గిన్నెతో దీని అమ్మ తాగింది, ఇది తాగింది. ఇద్దరూ గుండ్రాయిల్లా లేరా? మీ సదువులొచ్చి మా గిన్నెలు మూయించినై," అని మూతి ముడుచుకుని దాన్ని సంచిలో దోపింది. కిటికీ పక్కన స్టూలు లాక్కుని అటు తిరిగి కూర్చుంది.

రెండో రోజు బిడ్డ మగతగా పడుకునే ఉంది. రొమ్ము దగ్గర పెడితే రెండు గుటకలేసి నోరు వదిలేస్తోంది. శిరీష మొహం చిన్నబోయింది. పక్క మంచం బాలింతను చూడటానికి వచ్చిన ఒకావిడ ఆమెను ఎగాదిగా చూసి, "ఇంత బక్కపిల్లకి పాలెక్కడ పడతై!" అని వెళ్లిందట. ఒళ్లు బక్కగా ఉంటేనో, రొమ్ము చిన్నదైతేనో పాలు తక్కువనేది ఉత్తమాట. బిడ్డ ఎంత తాగితే అంత ఊరతాయి, తాగకపోతే ఆగుతాయి. ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్ల తల ఊపిందే కానీ నమ్మలేదు.

మూడో రోజు పొద్దున వార్డులో అడుగుపెడుతుంటేనే బిడ్డ ఏడుపు వినిపించింది. శిరీష రొమ్ములు రాళ్లలా గట్టిపడి ఉన్నాయి. పాలు ఊరి, బయటికి దారిలేక బిగుసుకుపోవడాన్ని ఎంగార్జ్‌మెంట్ అంటాం. చర్మం బల్లలా బిగిసిపోతే బిడ్డ నోటికి పట్టు దొరకదు. ఆకలికి ఏడుస్తున్న బిడ్డకు అది ఇంకా కష్టం. బిడ్డ గడ్డం మీద జిగటగా ఏదో తగిలితే తుడిచి వాసన చూశాను. చక్కెర నీళ్లు.

"ఎవరు పట్టారు?"

సుబ్బాయమ్మ కిటికీలోంచి రోడ్డు మీది లారీలను చూస్తూనే అంది. "పాలు పడలా. బిడ్డ గొంతెండి చస్తా ఉంటే చూస్తా కూచోమంటావా? తేనె వద్దన్నావు, మానేశా. చక్కెర నీళ్లు వద్దని నువ్వు చెప్పలా."

నిజమే, చెప్పలేదు. నిన్నటి నుంచి ఆ నీళ్లతో పొట్ట నిండిన బిడ్డ చీకడం మానేసింది, చీకేవాళ్లు లేక పాలు గడ్డకట్టాయి. డాక్టరమ్మ వచ్చి బిడ్డను పరీక్షించి, ఒంట్లో బాగానే ఉందన్నారు. అయితే బరువు తగ్గింది. సాయంత్రానికి తల్లిపాలు కుదరకపోతే డబ్బా పాలు మొదలుపెట్టాల్సిందేనని చెప్పారు. సుబ్బాయమ్మ వెంటనే శ్రీనుకు ఫోన్ చేసి డబ్బా తెమ్మంది. శిరీష నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టర్, నావి పట్టకుండానే ఇంటికి పోవాలా? నాకు లేవా పాలు?"

"నీకు ఎక్కువై ఈ గోల. లే, కూర్చో," అన్నాను.

ముందు ఒక చెంబు నీళ్లు తాగించాను. నీళ్లు తాగితే బాలింతకు పొట్ట పెరుగుతుందని సుబ్బాయమ్మ రెండు రోజులుగా గొంతు తడుపుతోందంతే! గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ రొమ్ము మీద కాసేపు వేశాను. తర్వాత చనుమొన చుట్టూ వేళ్లు ఆనించి మెల్లగా లోపలికి నొక్కి పట్టుకోవాలి. వాపు వెనక్కి జరిగి ఆ నల్లటి భాగం మెత్తబడుతుంది. అప్పుడు బొటనవేలు, చూపుడువేలు ఆ నలుపు అంచున ఉంచి, ఒంటివైపు నొక్కి వదలాలి. లాగకూడదు, రుద్దకూడదు. నాలుగుసార్లు నొక్కేసరికి ఒక చుక్క, తర్వాత సన్నటి ధార.

సుబ్బాయమ్మ స్టూలు మీంచి లేచింది. "ఇదేందే అమ్మా! ఇన్ని పాలుండాయా నీకు! మరి పక్క మంచం దాని నోట్లో మన్నెయ్య, ఏం కూసిందే అది!"

ఏడ్చి అలిసిన బిడ్డకు ముందు కొంచెం పాలు పడితే, తర్వాత రొమ్ము పట్టే ఓపిక వస్తుంది. సీసా పీక అలవాటైతే రొమ్ము మరుస్తారని, ఇలాంటప్పుడు మేము పాలాడై వాడతాం. మూతి ఉన్న చిన్న గిన్నె అది. మా వార్డువి పక్కన నెలలు నిండని పిల్లల గదిలో ఉన్నాయి. వెళ్లి అడగొచ్చు. కానీ నాకు చీర ముక్క మూట గుర్తొచ్చింది.

"పెద్దమ్మా, నీ గిన్నె తియ్యి."

"మూయించావు గదా!" అంది. అప్పటికే చెయ్యి సంచిలో ఉంది.

సబ్బుతో తోమించి, వంటగదిలో బాగా మరగబెట్టించాను. అందులోకి పాలు పిండించాను. గిన్నె సుబ్బాయమ్మకే ఇచ్చాను. ఆమె బిడ్డ తలను మోచేతి వంపులో ఎత్తి పట్టుకుంది. మూతిని పెదవి చివరన ఆనించి ఆగింది. బిడ్డ నాలుక చాచి చప్పరించింది, మింగింది. మళ్లీ ఒక చుక్క. తొందర లేదు, ఒలకడం లేదు. నా ఇన్నేళ్ల సర్వీసులో అంత నేర్పుగా పట్టిన చెయ్యి తక్కువే చూశాను.

"నెమ్మదిగా తాగవే దొంగమొహందానా, ఎవరూ లాక్కోరు," అంటోంది ముసలామె.

ఏడుపు తగ్గాక బిడ్డను శిరీష పొట్టకు పొట్ట ఆనేలా తిప్పి పెట్టాను. చనుమొనను పైపెదవికి తాకించి, నోరు పెద్దగా తెరిచే దాకా ఆగమన్నాను. తెరవగానే రొమ్మును బిడ్డ దగ్గరికి వంచకుండా, బిడ్డనే రొమ్ముకు తెచ్చాం. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నలుపు కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి. దీన్నే లాచింగ్ అంటాం. సరిగా కుదిరితే తల్లికి నొప్పి ఉండదు, బిడ్డ గుటకలు వినిపిస్తాయి.

వినిపించాయి. కూలర్ మోతలో కూడా.

శిరీష కదిలితే బిడ్డ వదిలేస్తుందేమోనని బిగుసుకుని కూర్చుని, కళ్లతోనే నవ్వింది. అప్పుడే సుబ్బాయమ్మ ఫోన్ మోగింది. మందుల షాపు నుంచి శ్రీను. గొంతు వార్డంతా వినిపిస్తోంది.

"అమ్మమ్మా, డబ్బాలు నాలుగు రకాలుండయ్యంట! ఏది తెమ్మంటావు?"

"డబ్బా లేదు గిబ్బా లేదు. నా మనవరాలికి పాలు కాలవలు కడతన్నై. మంచినీళ్ల సీసాలు పట్రా, చల్లటియ్యి కాదు. బాలింత గొంతు తడుపుకోవద్దా ఏందిరా!"

వార్డులో మంచాలన్నీ నవ్వాయి. నేను నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగాను.

సాయంత్రానికి బిడ్డ రెండు గుడ్డలు బాగా తడిపింది. పాలు అందుతున్నాయని చెప్పడానికి తల్లులకు నేను చూపించే గుర్తు అదే. డాక్టరమ్మ డబ్బా మాట ఎత్తలేదు. మరో రోజు ఉంచి, బరువు నిలబడ్డాక ఇంటికి పంపారు.

బాలింత పక్కన కూర్చున్న పెద్దావిడను వద్దు, వద్దని పక్కకు నెడితే, ఆమె మన వెనక తన పని తాను చేసుకుంటుంది. అందుకే ఇప్పుడు కాన్పు కాగానే మొదటి మాట ఆ పెద్దావిడతోనే మాట్లాడతాను. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం ఎందుకు కూడదో చెప్పి, ఆ వెంటనే ఒక పని అప్పగిస్తాను. గుడ్డ తడిపి ఇవ్వమనో, తల్లి వీపుకు దిండు సర్దమనో, బిడ్డ గుటకలు వినమనో.

నెలన్నర టీకాకు వాళ్లు ముగ్గురూ వచ్చారు. బిడ్డ బుగ్గలు నిండి కిందికి జారుతున్నాయి. గిన్నె ఏదని సుబ్బాయమ్మను అడిగాను.

"బీరువాలో పెట్టేశా," అంది, మనవరాలి భుజం మీద కొంగు సర్దుతూ. "దాంతో పనేముంది? తల్లి దగ్గరే తాగుతుంది గదా."