సున్నపు బట్టీల వీధి

మా బావ అంబులెన్సు డ్రైవరు. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కూడా ఆయన కుడికాలు నేలమీద ఆడుతూనే ఉంటుంది. ముద్ద నోట్లో ఉండగానే లేచి కిటికీ దాకా వెళ్లొస్తాడు. కాలుగాలిన పిల్లి అని అక్క పెట్టిన పేరు చుట్టాలందరిలో ఖాయమైపోయింది.

అలాంటి మనిషిని ఒక్కచోట ఉంచగలిగినవి పాత పటాలే. పాత కాగితాల కొట్టులో తూకానికి పోసిన మున్సిపాలిటీ పటాలు ఏరి తెచ్చి, హాల్లో పరిచి, మూలలు లేవకుండా గిన్నెలు పెట్టి, బోర్లా పడుకుని వేలితో ఊరంతా తిరిగేవాడు.

"మరదలా, ఇటు రా. పాల డిపో దగ్గర రోడ్డు ఎందుకలా వంకర తిరుగుతుందో తెలుసా? అక్కడ పాత జైలు గోడుండేది. గోడ పోయింది. రోడ్డు మాత్రం ఇంకా దాన్ని తప్పించుకునే పోతోంది."

"రోజంతా ఊళ్లో తిరగడానికి జీతమిస్తున్నారుగా. ఇంట్లో కూడా ఎందుకండీ?" అనేది అక్క, ఆ పటాన్ని దాటుకుంటూ.

ఒకసారి రెండు పటాలు పక్కపక్కన పరిచాడు. పాతదాంట్లో రైలుకట్టకీ ఏటికీ మధ్య చిన్న చిన్న గళ్లు, చీమలు బారులు తీరినట్టు ఇళ్లు. పైన 'సున్నపు బట్టీల వీధి' అని రాసుంది. తర్వాతి పటంలో అదే చోట తెల్లగా ఉంది. దానిమీద 'ఖాళీ స్థలం' అని రెండే మాటలు.

ఆ రెండు మాటలు బావకి పంటి కింద రాయిలా తగిలాయి. ఇప్పుడక్కడ బస్సు డిపో ఉంది. రోజూ దాని ముందునుంచే వెళ్తాడు. మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్లి అడిగితే, అక్కడి గుమాస్తా తలెత్తకుండా, "ఖాళీ అని రాసుంటే ఖాళీయే కదండీ" అన్నాడట. టీ కొట్టు దగ్గరా, ఆసుపత్రి వరండాలోనూ కనిపించిన ముసలివాళ్లనల్లా అడిగాడు. ఎవరికీ తెలియదు. ఇంట్లో నిలబడలేడు, కూర్చోలేడు. "అన్ని ఇళ్లు ఎక్కడికి పోతాయి? గాల్లో కలిసిపోతాయా?" అని గోడల్ని అడిగేవాడు.

అమ్మా నేనూ అక్కావాళ్ల దగ్గరే ఉంటాం. ఒకరోజు అమ్మ గుమ్మంలో కూర్చుని నా జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. "మీకెందుకు బాబూ ఆ గోలంతా? పోయినవాటిని తవ్వుకుంటే ఏమొస్తుంది?" అంది.

ఎప్పుడూ లేనిది, ఆ గొంతులో విసుగు. బావ తలెత్తి చూశాడు. అమ్మ సూది జాకెట్టుకి గుచ్చి వదిలేసి, మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి పటం పక్కన కూలబడింది. ఏటి గీత వెంట వేలు జరుపుతూ ఒకచోట ఆగింది.

"బావి తప్పు వేశాడు. ఇటు కాదు, అటు. మా గుమ్మం ఎదురుగా."

అమ్మ పుట్టింది పాతబజారులో అనే మేమంతా అనుకుంటున్నాం. అలాగే చెబుతూ వచ్చింది.

వీధిలో ఏదో జబ్బు అంటుకుందట. జబ్బు తగ్గేదాకా ఏటవతల గుడారాల్లో ఉండమన్నారట మున్సిపాలిటీవాళ్లు. "తగ్గాక తిరిగొచ్చాం. మా ఇల్లెక్కడుందో మాకే తెలియలేదు. మొత్తం చదును చేసేశారు. మా నాన్న ఆ నేలమీద అడుగులు కొలుచుకుంటూ తిరిగాడు. ఇదే మన వంటిల్లు, ఇదే మన వంటిల్లు అని నాలుగు చోట్ల నిలబడ్డాడు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది అక్క.

"జబ్బు వీధి పిల్లంటే ఎవడు చేసుకుంటాడే? మీ నాన్నకే చెప్పలేదు."

బావ అప్పటికే లేచి చొక్కా వేసుకుంటున్నాడు. పేపరువాళ్లకి చెప్పాలి, మున్సిపాలిటీని నిలదీయాలి, పటం దిద్దించాలి. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "నా పేరు బయటికి రావద్దు బాబూ. ఇన్నేళ్లు దాచుకున్నాను."

ఆ మాటతో బావ ఇరుకున పడ్డాడు. చెప్పకుండా ఉండలేడు, చెప్పలేడు. రెండు వారాలు మనిషి మనిషిలా లేడు. చివరికి అమ్మే, "ఆ చోటు ఒకసారి చూపించండి, పోదాం" అంది.

డిపో అంతా నూనె మరకలు, పొగ. అమ్మ బస్సుల మధ్య గబగబా నడిచింది. ఒకచోట ఆగింది, తల అడ్డంగా ఊపింది, ఇంకోచోటికి వెళ్లింది. వెనక్కి వస్తున్న బస్సు హారను కొడితే బావ ఆమెని పక్కకి లాగాడు. "ఇక్కడేనా అత్తయ్యా?" అన్నాడు. "ఏమో. రైలుకట్ట మాత్రం అదే" అంది.

బావ పేపరువాళ్ల దగ్గరికి వెళ్లలేదు. వెళ్లాలన్న దురద మాత్రం పోలేదు, అది ఆయన కాళ్లలో కనిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఇంట్లో నిలకడలేని వాళ్లు ఇద్దరయ్యారు. సెలవు రోజు పొద్దున్నే అమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడుతుంది.

"ఇంకా పాత పటం ఏదైనా వచ్చిందేమో ఆ కొట్టుకి వెళ్లి చూద్దాం బాబూ. ఎవడో ఒకడు బావి సరిగ్గా వేసుంటాడు."